తంగళ్ళపల్లి మనిషికి వేల లింకులు

కంప్యూటర్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మా వెబ్‌సైటుకు ఎక్కడెక్కడి నుంచో చెత్త లింకులు వచ్చి పడుతున్నయి, ఏం చెయ్యాలె?" అని అడుగుతారు. ఏమీ చేయొద్దు, చాయ్ తాగి పోండి అంటాను. వాళ్లకు ఈ జవాబు నచ్చదు. రిటైరై జగిత్యాలలో మనవరాలికి జడలు వేసుకుంటూ కూర్చున్న ముసలాయనకు కాలం మారిన సంగతి తెలియదని వాళ్ల అనుమానం. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను. చెత్త లింకుల వల్ల వెబ్‌సైటుకు ఏమీ కాదు. ఆ లింకుల గురించి మనుషులు మాట్లాడుకోవడం మొదలుపెడితే మాత్రం ఏమైనా కావచ్చు.

మా నాయన తాళ్లెక్కి కల్లు దించేవాడు. నాకు చెట్టంటే భయం. అందుకని జగిత్యాలలో టైపు నేర్చుకున్నాను. నేను హయ్యర్ పాసయ్యేసరికి టైపు మిషన్లు పోయాయి. డీటీపీ నేర్చుకున్నాను, చెయ్యి తిరిగేసరికి డీటీపీ సెంటర్లు మూతపడటం మొదలైంది. ఆ తర్వాత వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను. నేను నేర్చుకున్నానంటే ఆ పనికి రోజులు దగ్గరపడ్డట్టేనని మా ఆవిడ అనేది. చివరికి కోరుట్లలో, గల్ఫ్‌కు పోయినవాళ్ల కుటుంబాల కోసం నడిచే ఒక సహాయ కేంద్రంలో కంప్యూటర్ మనిషిగా కుదిరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. దుబాయికి పోయేవాళ్లు తగ్గితేనే ఆ కేంద్రానికి పని తగ్గాలి, అది జరగలేదు కాబట్టి నా ఉద్యోగం నిలిచింది.

కోరుట్లలో ఏ గల్లీకి పోయినా ఇంటికొక మనిషి దుబాయిలో ఉంటాడు. మస్కట్‌లో ఉన్నా దుబాయే, కువైట్‌లో ఉన్నా దుబాయే, మాకు భూగోళం అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. మా ఆఫీసు బస్టాండు దారిలో పెట్టెల దుకాణం మీద రెండు గదులు. దుబాయికి పోయేవాళ్లు కింద పెట్టెలు కొనుక్కునేవాళ్లు. వాళ్ల దగ్గరి నుంచి కబురు ఆగిపోతే ఇంటివాళ్లు మెట్లెక్కి పైకి వచ్చేవాళ్లు. జైలులో పడ్డవాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, శవపేటికలో వచ్చేవాళ్లు, అన్ని కేసులూ మా దగ్గరికే వచ్చేవి. అన్నిటికంటే కష్టమైనవి ఉన్నాడో లేడో తెలియని కేసులు. అలాంటి మనిషి ఒక్కొక్కరికీ మా వెబ్‌సైటులో ఒక పేజీ పెట్టేవాణ్ని. ఫోటో, ఊరు, చివరిసారి ఎక్కడ పని చేశాడు, గుర్తుపట్టే ఆనవాళ్లు, మా ఫోన్ నంబరు. అక్కడ ఎవరైనా ఆ పేరు వెతికితే ఈ పేజీ కనబడాలని ఆశ.

కేంద్రం నడిపేది ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. అందరం పెద్దసారు అనేవాళ్లం. నిలువెత్తు మంచితనం, కాకపోతే ఎవరైనా ఏడుస్తూ అర్జీ రాసుకొచ్చినా ముందు అందులో ఒత్తులు దిద్ది, తర్వాత చదివేవాడు. ఊళ్లు తిరిగి కేసులు విచారించేది ఒక డ్రైవరు. మస్కట్‌లో చాలా ఏళ్లు బండి నడిపి వచ్చినవాడు. ఎవరి కష్టమన్నా అర్ధరాత్రి లేచి పోయేవాడు. ఆయనకున్న లోపమల్లా ఒక్కటే, నోట్లో నువ్వుగింజ నానదు. ఆఫీసులో విన్న మాట ఆయనతో పాటు షేర్ ఆటో ఎక్కేది, ఆటో మెట్‌పల్లి చేరేలోగా ఆయన కంటే ముందే దిగిపోయేది.

ఇక తంగళ్ళపల్లి ఆమె సంగతి. సిరిసిల్ల పక్కనే ఊరు. ఆమె రోజూ సిరిసిల్లకు పోయి నూలు కండెలు చుట్టేది, కూతురు అక్కడే కాలేజీలో చదివేది. ఆమె భర్త సాంచాలు నడిపేవాడు, అంటే మరమగ్గాలు. సాంచాల చప్పుడు ఆగిపోయిన కాలంలో సిరిసిల్లలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు, కొందరు దుబాయి పోయారు. ఈయన దుబాయి పోయాడు. మొదట్లో ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. తర్వాత నెలకోసారి. తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. ఏడాది దాటాక ఆమె మా మెట్లెక్కింది. ఏడవలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పైసలు పంపకున్నా మంచిదే సారూ. మనిషి ఉన్నడా లేడా, గదొక్కటి ఎరుకైతే సాలు. బొట్టు పెట్టుకునేటప్పుడల్ల చెయ్యి వణుకుతున్నది."

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అదే రోజు ఆయన పేజీ తయారు చేశాను. ఆనవాళ్లు అడిగితే ఆమె కొంచెం సిగ్గుపడుతూ, బక్క మనిషి, తల మీద వెంట్రుకలు పల్చన అని చెప్పింది. ఎంబసీ వాళ్లు కూడా చూస్తారు, ఇంగ్లీషులో కూడా పెట్టమన్నాడు పెద్దసారు. నా ఇంగ్లీషు టైపు ఇన్‌స్టిట్యూట్ ఇంగ్లీషు. 'హెయిర్ లాస్, అండర్ వెయిట్' అని కొట్టాను. ఫోటో ఏదో పెళ్లిలో తీసింది. అందులో ఆయన లడ్డూ నోట్లో పెట్టుకుంటున్నాడు. ఇంట్లో ఆయనవి వేరే ఫోటోలు లేవు.

కొన్ని నెలలు గడిచాయి. ఏ కబురూ లేదు. ఒకరోజు పొద్దున కంప్యూటర్ తెరిచి, మా సైటుకు ఎవరెవరు లింకులు ఇచ్చారో చూపించే చోటికి పోయాను. మామూలుగా అక్కడ పది పన్నెండు ఉండేవి. ఆ రోజు వేలు ఉన్నాయి. జుట్టు మొలిపించే నూనె అమ్మేవాళ్లు, ఒళ్లు చేసే పొడి అమ్మేవాళ్లు, జూదం ఆడించేవాళ్లు, ఈత కొలనులకు పలకలు వేసేవాళ్లు. ఈ పలకలవాళ్లకు మాతో ఏం పని అన్నది నాకు ఈ రోజుకూ అర్థం కాలేదు. తక్కినవాళ్ల సంగతి ఊహించగలను. ఈ లింకులు మనుషులు కూర్చుని పెట్టేవి కావు, వాటికవే తిరిగే ప్రోగ్రాములు పెడతాయి. 'హెయిర్ లాస్' అనే మాట ఎక్కడ కనబడితే అక్కడ వాలిపోతాయి. అందుకే ఎక్కువ లింకులు తంగళ్ళపల్లి ఆయన పేజీకే ఉన్నాయి.

లింకు అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. వేరే ఊళ్లో ఎవడో తన గోడ మీద మన ఇంటి చిరునామా రాసుకున్నాడనుకోండి, అదే లింకు. వాడు పెద్దమనిషైతే మన పరపతి కొంచెం పెరుగుతుంది. వాడు దొంగైతే? ఆ భయమే ఆ రోజు నన్ను పట్టుకుంది. అదే వారం హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, మీ సైటుకు విషపు లింకులు పట్టాయి, తమ కంపెనీకి అప్పగించకపోతే సెర్చిలో మీ పేజీలు పాతాళానికి పోతాయి అని చెప్పింది. ఆసుపత్రిలో డాక్టర్లు మాట్లాడే గొంతుతో చెప్పింది. పేజీ పాతాళానికి పోతే ఆ లడ్డూ ఫోటో ఎవరి కంటా పడదు. తంగళ్ళపల్లి ఆమెకున్న ఒక్క ఆశ నా చేతుల్లోనే మునిగిపోతుంది.

వెంటనే పెద్దసారును, డ్రైవరును కూర్చోబెట్టి సంగతి చెప్పాను. నా ఉద్యోగ జీవితంలో ఇంత శుభ్రంగా, ఇంత సూటిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"మన సైటుకు చెడ్డ సైట్ల నుంచి వేల లింకులు పడ్డయి. అండ్ల ఎక్కువ తంగళ్ళపల్లి ఆయనకే ఉన్నయి."

చదువుతున్న మీకు ఇది మామూలు వాక్యమే. మా వైపు దీన్ని ఇంకోలా వింటారు. మా వైపు ఒకడికి లింకు ఉందంటే వాడు ఎవరితోనో తిరుగుతున్నాడని అర్థం. ఇక సైటు అంటే దుబాయిలో కట్టడం పని జరిగే చోటు. నీ కొడుకు ఏ సైటుల ఉన్నడు అని అడుగుతారు తప్ప ఏ ఊళ్లో ఉన్నాడని అడగరు. చెడ్డ సైటు అంటే ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి. డ్రైవరు ఆ వాక్యాన్ని నోరు తెరుచుకుని విన్నాడు. అర్థమైందా అని అడిగితే, అంతా అర్థమైందని తల ఊపాడు. అదే నా కొంప ముంచింది.

పెద్దసారుకు మాత్రం ఆ మాట నచ్చలేదు. లింకు అనడం అసహ్యంగా ఉంది, దానికి మంచి తెలుగు మాట లంకె ఉంది, ఇక నుంచి ఆఫీసులో లంకె అనే అనాలి అని శాసించాడు. లంకెబిందెలు అంటాం కదా, అందులోని లంకె ఇదేనని వివరించాడు. డ్రైవరు ఇది కూడా శ్రద్ధగా విన్నాడు. దాంతో ఆ సాయంత్రం బయలుదేరిన ఆటోలో సగంమంది తంగళ్ళపల్లి ఆయనకు దుబాయిలో వేల లింకులున్నాయని విన్నారు, మిగతా సగం ఆయనకు దుబాయి ఇసుకలో లంకెబిందెలు దొరికాయని విన్నారు.

ఇదంతా నాకప్పుడు తెలియదు. మేము ఆఫీసులో లింకుల నివారణ మీద ఉన్నాం. పెద్దసారుకు ఒక ఉపాయం తట్టింది. కొడుకు చెడు తిరుగుళ్లు తిరిగితే తండ్రులు పేపర్లో ప్రకటన వేస్తారు కదా, వీడితో నాకు సంబంధం లేదని, అలా మనమూ వేద్దామన్నాడు. వద్దని నేను అనేలోపే స్వహస్తాలతో రాశాడు. "ఇందుమూలంగా సమస్త ప్రజలకు తెలియజేయునది ఏమనగా, జుట్టు మొలిపించే నూనె వ్యాపారులతో గానీ, జూదశాలల వారితో గానీ, ఈత కొలనుల పలకల వారితో గానీ మా కేంద్రానికి ఎట్టి సంబంధమూ లేదు. వారితో ఎవరైనా లావాదేవీలు జరిపినచో మాది బాధ్యత కాదు." జిల్లా పేజీలో, తప్పిపోయిన గేదె ప్రకటన కింద అది అచ్చయింది.

మరుసటి రోజు నుంచి మా ఆఫీసుకు బట్టతలవాళ్లు రావడం మొదలైంది. నూనె ఇక్కడ దొరుకుతుందా అని ఒకరు. మీకు సంబంధం లేకుంటే పోయె, ఎవరికి సంబంధముందో జర చెప్పున్రి అని ఇంకొకరు. కింద పెట్టెల దుకాణం ఆయన టోపీ తీసి మరీ అడిగాడు. లేదు లేదు అని చెప్పిన కొద్దీ వాళ్లకు నమ్మకం పెరిగింది. అంత మంచి నూనె కాబట్టే దాస్తున్నారని బస్టాండులో అనుకున్నారట. ఆ సాయంత్రం అందరూ పోయాక పెద్దసారు నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. కాసేపు గోడ మీది క్యాలెండరు చూశాడు. ఆ నూనె నిజంగా పనిచేస్తుందా అని మెల్లగా అడిగాడు. ఆయన తల మీద కూడా ఏమీ మిగల్లేదని అప్పుడే గమనించాను.

డ్రైవరు ఉపాయం వేరు. మా వైపు బండి కొన్నా, బిడ్డ పుట్టినా, ఎవరికైనా మనసు చెదిరినా మొదట పోయేది కొండగట్టు అంజన్న దగ్గరికే. కంప్యూటర్‌కు కూడా ఏదో పట్టింది, డబ్బాను ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టి తెద్దామన్నాడు. దాని కడుపులో అందరి ఫోటోలు ఉన్నాయి, కోతులు వైర్లు పీకుతాయని నేను అడ్డం పడ్డాను. సరేనని తానొక్కడే పోయి సిందూరం తెచ్చాడు. తెర మూల మీద నిండుగా బొట్టు పెట్టాడు. సరిగ్గా టైము కనబడే మూల అది. అంజన్న బొట్టు తుడవడానికి నాకు చెయ్యి రాలేదు. కొన్నాళ్లపాటు టైమెంతయిందో తెలియక జగిత్యాల బస్సు తప్పిపోతూ వచ్చాను.

ఇక లాభం లేదని జగిత్యాలలో నాకు ఈ పని నేర్పినాయన దగ్గరికి పోయాను. నా కంటే చిన్నవాడే, కంప్యూటర్లు బాగు చేసే దుకాణం ఉండేది. మా ఊరివాడు, మా నాయన కల్లు తాగి పెరిగినవాడు. ఏదో మదర్‌బోర్డు మీద వంగి, తల ఎత్తకుండానే నా గోడంతా విన్నాడు. ఆ లింకులు నువ్వు కొన్నావా అని అడిగాడు. లేదన్నాను. సెర్చ్ ఇంజనువాళ్లు నీ మీద చర్య తీసుకుంటున్నామని ఏమైనా నోటీసు పెట్టారా? లేదు. సైటుకు వచ్చే జనం తగ్గారా? తగ్గలేదు, పేపర్ ప్రకటన తర్వాత పెరిగారు.

"మరి ఏం బీమారి నీకు? మీ నాయన కల్లు లొట్లె ఈగలు పడ్డయని ఎన్నడన్న కల్లు దించుడు బంద్ జేసిండా? ఈగలను తీసి పారేసి పోసిండు. సెర్చ్ ఇంజన్ గూడ గంతే, దానికెరుక ఏది ఈగో ఏది కల్లో."

తర్వాత కొంచెం ఓపిక తెచ్చుకుని వివరంగా చెప్పాడు. ఈ చెత్త లింకులు లోకంలో ప్రతి సైటుకూ పడతాయి. సెర్చ్ ఇంజను వాటిని లెక్కలోకి తీసుకోదు. ఈ లింకులతో మాకు సంబంధం లేదని చెప్పే ఏర్పాటు ఒకటి ఉంది గానీ, అది డబ్బులిచ్చి లింకులు కొని పట్టుబడ్డవాళ్లకు. నీలాంటివాడు దాంట్లో వేలు పెడితే మంచి లింకులను కూడా పీకేసుకుంటాడు. భయపెట్టిన అమ్మాయికి అది ఉద్యోగం, ఆమె మీద కోపం పెట్టుకోకు, ఫోన్ మాత్రం ఎత్తకు. ఇదీ ఆయన చెప్పింది. పిల్లలూ, ఇన్నేళ్ల తర్వాత నేను మీకు చెప్పేదీ ఇదే.

గుండె మీద బండ దిగినట్టయి, మరునాడు ఈల వేసుకుంటూ కోరుట్లలో బస్సు దిగాను. ఆఫీసులో పెద్దసారు తల పట్టుకుని ఉన్నాడు. డ్రైవరు మూల నిలబడి ఉన్నాడు. ఎన్నడూ లేనిది నోరు మూసుకుని ఉన్నాడు. ఏమైందంటే ఫోన్ తీసి ఒక వాయిస్ మెసేజ్ వినిపించాడు. చుట్టాల నుంచి చుట్టాలకు, గ్రూపు నుంచి గ్రూపుకు తిరిగి తిరిగి ఆయన దగ్గరికి వచ్చిందట. గొంతు తంగళ్ళపల్లి ఆమెది.

"మా ఆయనకు దుబాయిల చెడ్డ సైట్లల్ల వేల లింకులున్నయట. కోరుట్ల ఆఫీసోళ్ల కంప్యూటర్లనే కనవడ్డదట. సోమవారం నేను కోరుట్లకు పోయి గా ఫోటో తీసేయిస్త. ఇగ దేవులాడుడు బంద్. నాకు మొగడు లేడనుకుంట. దుబాయిల మనోళ్లు ఎవలున్నా గీ మాట గాయన చెవుల వడేటట్టు చెయ్యున్రి."

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, దాచుకునేదేముంది. ఒక ఆడమనిషి ఏడాదికి పైగా బొట్టు చెరుపుకోకుండా ఎదురుచూస్తే, మేము ముగ్గురం కలిసి ఒక్క వారంలో ఆ ఎదురుచూపును గబ్బు పట్టించాం. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. కట్ చేసింది. మళ్లీ చేశాను. మళ్లీ కట్ చేసింది. డ్రైవరును తంగళ్ళపల్లికి తరిమాను, పోయి కాళ్ల మీద పడైనా సరే సంగతి చెప్పమన్నాను. ఆయన సిరిసిల్లలో కండెలు చుట్టే చోటు దాకా పోయాడు. పని మీద ఉన్నాను, ఏమున్నా సోమవారం మాట్లాడుకుందాం అని ఆమె ముఖం కూడా చూడకుండా చెప్పిందట. అక్కడున్న ఆడవాళ్లంతా తనను పాము పిల్లను చూసినట్టు చూశారని డ్రైవరు తిరిగొచ్చి బాధపడ్డాడు.

సోమవారం వచ్చింది. వేములవాడ మీదుగా వచ్చే బస్సు దిగి, ఆమె మా మెట్లెక్కింది. చింతపండు రంగు చీర, శుభ్రంగా దువ్విన తల, నుదుట ఎప్పటిలాగే బొట్టు. ఈసారి కుర్చీ చూపించకముందే కూర్చుంది. కూర్చున్నది కాస్తా లేచి, ఇక్కడ సిగ్నల్ వస్తదా అని అడిగి, కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుంది. ఫోన్ బల్ల మీద పెట్టింది. ఫోటో తీసేయండి అంటుందేమోనని నేను మౌస్ మీద చెయ్యి పెట్టుకుని బిక్కచచ్చి కూర్చున్నాను. ఆమె తీసేయమనలేదు. నీళ్లు అడిగింది. తాగింది. చాయ్ అడిగింది.

ఆ సందులో నేను మొదలుపెట్టాను. గవి మనుషుల లింకులు కావు చెల్లె, కంప్యూటర్ లింకులు అన్నాను. గోడ మీద చిరునామా అన్నాను. జుట్టు నూనె అన్నాను. ఆమె ఊ కొట్టింది. పెద్దసారు అందుకుని లంకె, లంకెబిందెలు, అసలు ఇంగ్లీషువాళ్లే ఈ మాటను మన దగ్గర నుంచి తీసుకుని ఉంటారు అంటూ పాఠం చెప్పాడు. ఆమె దానికీ ఊ కొట్టింది. కళ్లు మాత్రం ఫోన్ మీదే ఉన్నాయి. డ్రైవరు వచ్చి రెండు చేతులూ జోడించి, తప్పంతా నా నోటిది అక్కా అన్నాడు. ఆమె నిమ్మళంగా చాయ్ ఊదుకుంటూ తాగింది. మా మాటల్లో ఒక్కటీ ఆమెకు ఎక్కలేదనుకున్నాను. మా మీద మనసు విరిగిందనుకున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది. తెర మీద మన దేశానిది కాని పొడుగాటి నంబరు. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. అది మోగుతుంటే కాసేపు అలాగే చూసి, అప్పుడు ఎత్తింది. చెవికి కొంచెం దూరంగా పట్టుకుంది. అవతలి మనిషి అరుపు గదిలో ఉన్న మా అందరికీ వినబడింది.

"ఎవడే గా మాట అన్నోడు? నాకు లింకులా? కంపెనీ మూతవడ్డది, పాస్‌పోర్ట్ ఆళ్ల కాడనే ఉన్నది. ఒక్క రూంల పదిమందిమి పంటున్నం. పోలీసు కనవడితె సందుల దూరుతున్న. దొరికిన పూట పని, లేని పూట నీళ్లు. గిసొంటి మొఖం పెట్టుకొని నీకేమని ఫోన్ జేయాలె? మంచి కబురుంటే జేద్దామనుకున్న. నాకు లింకులా? గీ నాలుగెంట్రుకలు సుత పల్చనైనయని లోకమంత ఏసిండ్రు గదనే. రూంల అందరు నన్ను జూసి నవ్వుతున్నరు."

పెద్దసారు కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. డ్రైవరు గోడ వైపు తిరిగి భుజాలు కదిలించుకుంటూ ఏడ్చాడు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. నెలల తరబడి ఎంబసీకి, ఆయన్ని పంపిన ఏజెంటుకు, అందరికీ రాసి రాసి మేము తెలుసుకోలేకపోయిందంతా ఆ మనిషి ఒక్క గుక్కలో తిట్టుకుంటూ చెప్పేశాడు. బతికి ఉన్నాడు. ఖల్లివల్లి అయ్యాడు, అంటే కంపెనీ వదిలి కాగితాలు లేకుండా తిరుగుతున్నాడు. సిగ్గుతో నోరు మూసుకున్నాడు.

మీరు కంగారు పడకుండా ముందే చెప్తున్నాను, ఆయన వచ్చాడు. అక్కడి ప్రభుత్వం కాగితాలు లేనివాళ్లకు అప్పుడప్పుడు ఇచ్చే క్షమాభిక్ష గడువు వచ్చినప్పుడు, మా కేంద్రం ఎంబసీ వెంటపడి, పాస్‌పోర్ట్ లేనివాళ్లు ఇంటికి రావడానికి ఇచ్చే ఔట్‌పాస్ తెప్పించింది. అది ఓపికతో చేసిన పని, అందులో నవ్వుకునేదేమీ లేదు. వచ్చిన వారంలోనే మా ఆఫీసుకు వచ్చి తన పేజీ తీసేయించాడు. హెయిర్ లాస్ అన్న మాట ఎవరు కొట్టారని అడిగితే నేను డ్రైవరును చూపించాను. ఆ చెత్త లింకులు ఆ తర్వాత కూడా పడుతూనే ఉన్నాయి, రెట్టింపు కూడా అయ్యాయి. మా సైటు పాతాళానికి పోలేదు, ఆకాశానికీ పోలేదు.

కానీ నాకు గుర్తున్నది ఆ సోమవారమే. ఫోన్‌లో ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు. లింకులు లేవని కొండగట్టు అంజన్న మీద ఒట్టు పెట్టాడు, తల్లి మీద ఒట్టు పెట్టాడు, సాంచా మీద కూడా పెట్టాడు. ఆమె పెదవి విప్పడం లేదు. పాపం, అంత దూరంలో, అంత కష్టంలో ఉన్న మనిషి మా తెలివితక్కువతనానికి ఇన్ని ఒట్లు పెట్టుకోవడం చూడలేక నేను ఆమె దగ్గరికి వంగాను.

"చెల్లె, గాయనకు ఏ లింకులు లెవ్వు. తప్పు మాది. జర గా మాట గాయనకు చెప్పు" అన్నాను మెల్లగా.

ఆమె ఫోన్ మీద అరచెయ్యి మూసింది. కళ్ల నిండా నీళ్లున్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది.

"నాకెరుకే అన్నా. గవి కంప్యూటర్ల లింకులని నేను మెసేజ్ వెట్టకముందే మా బిడ్డ చెప్పింది. మంచిగ పిలిస్తే ఏడాది సంది పలుకలే. నింద ఏస్తే మాత్రం గాయన ఉండబట్టడు."

అని, కళ్లు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. ఫోన్ మీది నుంచి చెయ్యి తీసి, మేమంతా ఉలిక్కిపడేంత కోపంగా అంది.

"లెవ్వంటే నేనెట్ల నమ్మాలె? వచ్చి నా ముంగట నిలవడి చెప్పు."